మసి పట్టిన ఒంటిపోగు

“ఆ మీసం ఊడిపోతుందే చెంగల్వా! నా మాట విను. సరిగ్గా వాడి ముందు నిలబడ్డప్పుడే ఊడిపోతుంది.”

“ఇంకా పెట్టుకోనేలేదు కదమ్మా!” అంది చెంగల్వ, ఉడుతతోక వెంట్రుకలకు తుమ్మజిగురు రాసుకుంటూ.

“పెట్టుకున్నాక ఊడిపోతుందనే చెబుతున్నా. పెట్టుకోకముందు ఎలా ఊడుతుంది?” అంది ఓబులమ్మ.

తల్లీకూతుళ్ళు ధూమ్రగిరి పాదాన ఒక బండ చాటున కూర్చుని ఉన్నారు. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. ఎదురుగా, కొండ కొమ్మున, మేఘాలను దువ్వెనలా చీలుస్తూ నిలబడి ఉంది తామ్రజటుడి కోట. దాని బురుజులు రాగివి, కిటికీలు పచ్చలవి, గోడల మీద పాకిన తీగలకు పూసినవి పువ్వులు కావు, నిప్పుకణికల్లాంటి కెంపులు. చూడ్డానికి కన్నులపండుగే. కానీ అందులోకి పోయినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదన్న సంగతి తెలిసినవాళ్ళకు ఆ అందం చూస్తేనే హడలు. ఓబులమ్మకు మరీనూ.

తామ్రజటుడు రాగితీగల్లాంటి జడలున్న మాంత్రికుడు. వాడికి రాజ్యాల మీద ఆశ లేదు, బంగారు రాశుల మీద ఆశ లేదు. పాతకాలపు చిన్న చిన్న నగలంటేనే పిచ్చి. అమ్మమ్మ మనవరాలికి చేయించిన ముక్కుపుడక, పెళ్ళినాడు మేనత్త తొడిగిన మట్టె, పడవెక్కే కొడుకు మొలతాడుకు తల్లి కట్టిన గవ్వ, ఇలాంటివి కనబడితే వాడికి అన్నం సయించదు. ఏ నగ వెనక ఏ కథ ఉందో తెలిసినవాళ్ళకు పల్లకీ పంపి మరీ పిలిపించుకునేవాడు. పల్లకీ మాత్రం ఖాళీగా తిరిగొచ్చేది.

మూడేళ్ళ కిందట చెంగల్వ తండ్రి అలాగే వెళ్ళాడు. కుందనవరం రాజ్యంలో పాతసొమ్ముల ఆసామి అంటే ఆయనే. కంచరగాడిద మీద సంచులు వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ఎవరైనా పాత నగ చూపిస్తే ముందు కథ అడిగేవాడు. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, పెట్టేటప్పుడు ఏమన్నారు? అదంతా తాటాకు ముక్క మీద గీసి, నగకు చుట్టి, ఆ రెండూ కలిపే ఇంకొకరికి ఇచ్చేవాడు. కథ చెప్పలేని నగ వెండిదైనా ముట్టుకునేవాడు కాదు. పల్లకీ ఎక్కనని తన కంచరగాడిద మీదే ఆయన ధూమ్రగిరికి బయల్దేరాడు. పదోనాడు అదొక్కటే ఇంటికొచ్చింది.

ఈ మూడేళ్ళలో చెంగల్వ తండ్రి విద్యంతా ఆయన ఇంట్లో దాచుకున్న తాటాకుల్లోంచి నేర్చుకుంది. ఈనాడు సింహళం నుంచి వచ్చిన రత్నపరీక్షకుడి వేషం కట్టింది. ఒంటరిగా వెళ్ళొస్తానంటే ఓబులమ్మ వింటేగా! పరీక్షకుడి వంటమనిషినంటూ మూట నెత్తిన పెట్టుకుని వెంట బయల్దేరింది. ఆ మూటలో శొంఠి, మిరియాలు, పసుపు, చింతపండు, పిడకల బూడిద, రెండు పాతగుడ్డలు, ఒక అద్దం ఉన్నాయి. ఎప్పుడు ఏం ముంచుకొస్తుందో ఎవరికి తెలుసు?

మీసం కుదిరింది. ఇద్దరూ కొండెక్కారు.

కోటకూ కొండకూ మధ్య అగాధం. దాని మీద ఇనుపగొలుసుల వంతెన. కింద పొగలు కక్కుతూ ఏరు.

“ఇది తెగుతుందే,” అంది ఓబులమ్మ.

“తెగదమ్మా.”

“తెగకపోతే పైనుంచి ఏదో వస్తుంది.”

అన్నంత సేపు పట్టలేదు. వంతెన నడుమకు చేరేసరికి నెత్తిన చీకటి కమ్మింది. రెండు ముక్కుల గండభేరుండ పక్షి, తాటిమట్టలంత రెక్కలు విప్పుకుని, ఈటెలా దూసుకొచ్చింది. గొలుసులు ఉయ్యాలలా ఊగాయి. చెంగల్వ ఒంటిచేత్తో గొలుసు పట్టుకుని, రెండో చేత్తో తల్లి మూటలోంచి అద్దం లాగి, ఎండను తిప్పి పక్షి కళ్ళల్లోకి కొట్టింది. కుడిముక్కు “క్రే” మంది. ఎడమముక్కు అద్దంలో ఇంకో పక్షి ఉందనుకుని దాన్ని పొడవబోయి కుడిముక్కును పొడిచింది. ఇక చూడాలి! రెండు ముక్కులూ ఒకదాన్నొకటి పొడుచుకుంటూ, గిరికీలు కొడుతూ, లోయలోకి పడిపోయాయి.

“అద్దం ఎందుకన్నావు కదూ ఇంటి దగ్గర?” అంది ఓబులమ్మ.

కోటగుమ్మం దగ్గర రెండు తలల కాపరి గద భుజాన వేసుకుని నిలబడ్డాడు.

“ఎవరు మీరు?” అంది కుడితల.

“చంపేద్దామా?” అంది ఎడమతల, ముక్కు ఎగబీలుస్తూ.

చెంగల్వ గొంతు బొంగురు చేసుకుని, “మేము సింహళ దేశపు...” అనబోతూండగా ఓబులమ్మ ఎడమతల దగ్గరకు దూసుకుపోయింది.

“అయ్యయ్యో, ఆ గొంతేమిటి నాయనా? పడిశం పట్టిందా? ఎన్నాళ్ళనుంచీ?”

“నాలుగు రోజులు,” అంది ఎడమతల, అనుకోకుండా.

“నాలుగు రోజులా! ఒకే మెడకు రెండు తలలు, ఇప్పటికే రెండోదానికి అంటుకోలేదంటే నీ అదృష్టం. ఇలాగే మా ఎదురింటి గంగులుకు పడిశం నెత్తికెక్కి...” అని ఆగి, నిట్టూర్చింది.

“నెత్తికెక్కి ఏమైంది?” అంది కుడితల కంగారుగా.

“ఎందుకులే నాయనా, మధ్యాహ్నం పూట ఆ మాటలు.”

కుడితల ఎడమతలను దూరంగా నెట్టబోయింది. ఎడమతల కుడితలను తిట్టింది. గద జారి కిందపడింది. ఓబులమ్మ అక్కడే నిప్పు రాజేసి, మిరియాలు వేసి, రెండు తలలకూ కలిపి గుడ్డ కప్పి, “ఎంత మంటగా ఉన్నా తియ్యకండి నాయనా, వంద లెక్కపెట్టండి” అంది. రెండు తలలూ తుమ్ముతూ లెక్క తప్పుతూ, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతూండగా తల్లీకూతుళ్ళు లోపలికి జొరబడ్డారు.

సభామండపం దాటాక ఉంది సొమ్ముల గది. దాన్ని గది అనడం అన్యాయం. వెయ్యిన్నొక్క గూళ్ళు చెక్కిన చలువరాతి గోడలు. ఒక్కో గూటికీ ఒక్కో దీపం, ఒక్కో దీపం కింద నీలి పట్టుదిండు, దిండు మీద చిన్న నగ. కప్పు మీద హంసల బారులు, నేల మీద తామరల ముగ్గు, మధ్యన చిలక ముక్కులోంచి నీళ్ళు చిమ్మే రాగి తొట్టి. తూర్పు గోడ మీద నిలువెత్తు సింహం బొమ్మ. పడమటి కిటికీలోంచి పడిన ఎండ అప్పుడే దాని పాదాలను తాకింది. ఇంత వైభవంలోనూ ఒక్క వింత: దిండ్ల మీద ఉన్న నగలన్నీ నల్లగా, మసిబారి, జిడ్డోడుతున్నాయి.

“ఛీ ఛీ, ఇన్ని దీపాలు పెట్టినవాడికి కాస్త తోమించే బుద్ధి లేదూ?” అని గొణిగింది ఓబులమ్మ.

“హుష్! పాత నగను తోమకూడదమ్మా. మురికిలోనే దాని వయసు ఉంటుంది. తోమితే కథ పోతుంది. నాన్న మొదటి తాటాకు మీద రాసిందే అది.”

“అందుకే ఏడాదికోసారి మీ నాన్న చెవి వాచేది. చిలుము పట్టిన ఒంటిపోగు తియ్యమంటే తీసేవాడా?”

“ఎవరదీ నా గదిలో?”

జడలు గలగలమంటూండగా తామ్రజటుడు వచ్చాడు. చెంగల్వ వంగి దండం పెట్టి, తాను సింహళ రత్నపరీక్షకుడినని చెప్పుకుంది. వాడి ముఖం చేటంత అయింది.

“పరీక్షకుడివా? అయితే ఇది చెప్పు,” అని ఒక నల్లటి మట్టె అందించాడు.

చెంగల్వ దాన్ని వేలి మీద తిప్పి చూసింది. అంచున నెమలి గోరంత చీలిక ఉంది. “ఇది కదిలే మట్టె. ఒక కొత్తకోడలికి మేనత్త పెట్టింది. ఎవరైనా అబద్ధమాడితే ఇది వేలి చుట్టూ తనంత తానే తిరిగేది. దాంతో అత్తవారింట్లో అందరూ భయపడి నోరు మూసుకున్నారు. ఒకనాడు రాజభటులొచ్చి, దొంగతనం నీ అత్త చేసిందా అని కోడల్నే అడిగారు. చేసిందని ఆమెకు తెలుసు. అయినా, మా అత్త ఇల్లు కదల్లేదు అంది. జన్మలో అదొక్కటే ఆమె ఆడిన అబద్ధం. ఆనాడు మట్టె కదల్లేదట.”

“భళా!” అని తామ్రజటుడు తొడగొట్టి నవ్వాడు. ఆ నవ్వు గాలికి దీపాలు రెపరెపలాడాయి. చెంగల్వ ఎడమవైపు మీసం ఎగిరి వెళ్ళి వాడి బొజ్జ మీద అతుక్కుంది.

“చెప్పానా!” అని కేకపెట్టింది ఓబులమ్మ. “చెప్పానా చెంగల్వా, ఊడిపోతుందని!”

అన్నాక నాలిక కరుచుకుంది గానీ ఏం లాభం?

తామ్రజటుడు మీసాన్ని రెండు వేళ్ళతో తీసి చూసి, ఇంకా గట్టిగా నవ్వాడు. “చెంగల్వా! కుందనవరం ఆసామి కూతురివా? మీ నాన్న నీ గురించి తెగ చెప్పాడు. నీ నోట కథ ఇంత బాగుంటుందని మాత్రం చెప్పలేదు. అందుకే మిమ్మల్ని ఇప్పుడే బూడిద చెయ్యను. ఈ గదిలో సగం నగలు నేను కొన్నవి. మిగతా సగం తమంత తామే నడిచొచ్చినవి.”

ఓబులమ్మ చప్పున గూళ్ళ వంక తిరిగింది.

“ఇక్కడికొచ్చిన ప్రతి మనిషీ ఒంటి మీదున్న చిన్న నగగా మారి నా దిండెక్కుతాడు. మీ మనిషి ఇక్కడే ఉన్నాడు. కిటికీ ఎండ ఆ సింహం తల దాటేలోగా వెతుక్కోండి. ఒక్కటి తీసి నాకు చూపించండి. అతనే అయితే ముగ్గురూ పొండి. కాకపోతే మీరూ నగలే. పిలిచి చూస్తారేమో, పిలవండి! నా నగలకు పిలుపు వినబడదు. నేను స్నానం చేసొస్తాను.” తలుపు బయట గడియ వేసి వెళ్ళిపోయాడు.

ఓబులమ్మ తన ఒంటి వంక చూసుకుంది. చేతికి రెండు మట్టిగాజులు తప్ప ఏమీ లేవు. “నేను గాజునైతే ఎవడో ఒకడు తుడుస్తూ పగలగొడతాడే! నువ్వేమవుతావు? నీ ఒంటి మీదేముంది?”

“అమ్మా, ముందు నాన్నను వెతకనీ.”

ఆయన చెవికుండేది రాగి ఒంటిపోగు. ఆయన తాత సముద్రంలో కొట్టుకుపోతూ దాన్నే గాలానికి కట్టి చేప పట్టి బతికాడట. అందుకే అదంటే ప్రాణం. వెతికితే గూళ్ళల్లో ఎనభై ఒంటిపోగులు తేలాయి. చెంగల్వ అన్నిటినీ ఒక వెండి పళ్ళెంలో పోసి, ఒక్కొక్కటే వెలుగుకు పట్టి, వాసన చూసి, గోటితో తాకి చూసింది. ఎనభయ్యీ నల్లగానే ఉన్నాయి. ఎండ సింహం మోకాళ్ళకు చేరింది.

“వయసు తెలియట్లేదమ్మా. అన్నీ ఒకేలా ఉన్నాయి.”

ఓబులమ్మ పళ్ళెం మీదికి వంగింది. ఆవిడ కళ్ళు ఒక పోగు మీద పడ్డాయి. దాని కొక్కెం దగ్గర పచ్చగా చిలుము. అది చెవిలో ఉంటే చీము పట్టదూ? చీము పడితే జ్వరం రాదూ? జ్వరం వస్తే అడవిలో వైద్యుడెక్కడ? ఆవిడ మనసు ఆగలేదు. కూతురు అటు తిరగ్గానే మూటలోంచి చింతపండు తీసింది, చిలక తొట్టిలో తడిపింది, పిడకల బూడిద అద్దింది, ఆ పోగును పట్టుకుని బరబరా తోమేసింది.

“అమ్మా! ఏం చేశావు?” చెంగల్వ ఉలిక్కిపడి ఇటు తిరిగింది. “దాని వయసంతా కడిగేశావు! ఒకవేళ అదే నాన్నైతే?”

“మీ నాన్నైతే ఇంకా మంచిది. మూడేళ్ళయింది మనిషికి నీళ్ళు పోసి,” అంది ఓబులమ్మ. తప్పు చేశానని తెలిసి చింతపండు కొంగు చాటున దాచుకుంది.

అప్పుడే ఆ పోగు ఆవిడ అరచేతిలో “టింగ్” మంది. కోట అవతలి స్నానాల గదిలోంచి “అబ్బా!” అని కేక వినిపించింది.

చెంగల్వ తెల్లబోయి పోగు వంక చూసింది. గూళ్ళ వంక చూసింది. కదిలే మట్టె నూరేళ్ళ నాటిది. నాన్న పోగు ఇక్కడికొచ్చి మూడేళ్ళు. చేపలమ్మే మనిషి ముక్కుపుడకకు ఒక జిడ్డు పడుతుంది, పసిపాప చేతి మురుగుకు ఇంకో జిడ్డు పడుతుంది. వెయ్యిన్నొక్కటికీ ఒకే మందాన, ఒకే నలుపున పడుతుందా?

“అమ్మా! ఇది కాలం పట్టించిన మురికి కాదు. వాడు పూసిన మసి! అదే వీటి చెవులు మూసేసింది!” చెంగల్వ చెంపలు వాయించుకుంది. “ఇక్కడికొచ్చినవాళ్ళంతా పాత నగల మర్మం తెలిసినవాళ్ళు. తోమకూడదని అందరికీ తెలుసు. అందుకే ఒక్కరూ ముట్టుకోలేదు. ఆ మర్యాదే వాడికి కోటగోడ. తోమమ్మా, తోము!”

“తోమమని నువ్వు నన్ను అడగడం పుట్టిబుద్ధెరిగి ఇదే మొదటిసారి!” అంది ఓబులమ్మ, కొంగు నడుముకు చుట్టి.

ఇక చూడండి ఆ తోముడు! కూతురు తడపడం, తల్లి రుద్దడం, కూతురు జాడించడం. రాగి తొట్టి నీళ్ళు కాటుకలా మారాయి. చిలక ముక్కు నురగ కక్కింది. ఒక్కో పోగు తళుక్కుమన్నప్పుడల్లా స్నానాల గదిలోంచి ఒక్కో కేక. పదో పోగుకు కేకతోపాటు నేల మీద గల్లుమని చప్పుడు. తామ్రజటుడి రాగిజడ ఒకటి ఊడి పడింది. ఇరవయ్యో పోగుకు ఇంకోటి. “ఎవర్రా అక్కడ! చింతపండు వాసన ఎక్కడిది?” అని వాడు అరుస్తుంటే, గుమ్మం దగ్గర రెండు తలల కాపరి తుమ్ముతూ “అరవై నాలుగు, అరవై అయిదు” అంటున్నాడు.

“పాపం జలుబు చేస్తుందేమో వాడికి, తల తడిగా ఉండగా పరిగెత్తితే,” అంది ఓబులమ్మ.

“నువ్వు తోమమ్మా!”

ఎనభయ్యో పోగు కూడా మెరిసింది. ఎండ సింహం జూలుకెక్కింది. చెంగల్వ పళ్ళెం మీదికి వంగి, “నాన్నా!” అని పిలిచింది.

యాభై పోగులు ఒక్కసారి టింగుమన్నాయి. అన్నీ ఎవరో ఒకరికి నాన్నలే మరి.

“జరుగు,” అని ఓబులమ్మ వంగింది. “ఏమయ్యోయ్!”

ఈసారి డెబ్భై మోగాయి.

తలుపు దభీమంది. తామ్రజటుడు మిగిలిన జడలతో వచ్చిపడ్డాడు. బయటి గడియ లాగి తలుపు తోస్తున్నాడు. చెంగల్వ ఒక్క గెంతులో వెళ్ళి, పక్కనున్న దీపపు స్తంభం పెరికి తలుపుకు అడ్డం వేసి, వీపు ఆనించి నిలబడింది.

“అమ్మా, పేరు పెట్టి పిలువు! పేరు పెడితే ఒక్కడే పలుకుతాడు!”

“నువ్వే పిలవవే!”

“ఇక్కణ్ణుంచి వాటికి వినబడదు. నేను కదిలితే తలుపు పోతుంది!”

ఓబులమ్మ పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. పాతికేళ్ళ కాపురం. గుళ్ళో అర్చకుడు అడిగినా, పేరంటాల్లో అమ్మలక్కలు అల్లరి పెట్టినా, జాతరలో ఆయన తప్పిపోతే వీధులన్నీ వెతికినా, ఆవిడ నోట మొగుడి పేరు రాలేదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మ చెప్పింది. ఇన్నేళ్ళూ ఆయన్ను కాపాడింది తన మౌనమేనని ఆవిడ నమ్మకం. ఇప్పుడు పలికితే ఏమవుతుందో! పలక్కపోతే ఏమవుతుందో కళ్ళముందే ఉంది. దీపపు స్తంభం వంగుతోంది. కూతురి పాదాలు జారుతున్నాయి.

“దేవుడా, ఆయనకొచ్చేది నాకే రానీ,” అనుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవులు పళ్ళేనికి ఆనించి పిలిచింది.

“అక్కులప్పా!”

ఏ పోగూ మోగలేదు.

తలుపు పలక ఒకటి పగిలింది. రాగిజడ ఒకటి పాములా లోపలికొచ్చి చెంగల్వ మణికట్టును చుట్టింది. ఓబులమ్మ కదల్లేదు. పళ్ళెంలో ఎనభై పోగులు, ఎనభై మెరుపులు, ఒక్క చప్పుడు లేదు. ఎండ సింహం నుదుటిని దాటి చెవుల దగ్గరకు పోయింది, తల దాటడానికి ఇంక వేలెడే మిగిలింది. చిలక ముక్కులోంచి చివరి చుక్క రాలింది.

అప్పుడు, పళ్ళెం అడుగునుంచి, నిద్రలోంచి లేచినట్టు బొంగురుపోయిన గొంతు ఒకటి మెల్లగా పలికింది.

“ఓబులూ... గొంతు నీదేనా, కాదా అని ఇంతసేపూ ఆలోచించానే. నీ నోట నా పేరొచ్చిందంటే, మనం ఎంత ఆపదలో ఉన్నామే?”